పచ్చికపై నడవరాదు

పార్కు మీద రాస్తానంటే మావాళ్లే నవ్వారు. కాలేజీలో చదివే తమ్ముడొకడు మొహమ్మీదే అనేశాడు: "అన్నా, కారంచేడు మీద రాశారు, చుండూరు మీద రాశారు, భూమి మీద, రిజర్వేషన్ల మీద రాశారు. నువ్వేమో క్రోటన్ మొక్కల మీద రాస్తానంటావేంటి?" పక్కనే ఉన్న సంఘం పెద్దాయన సన్నగా నవ్వి, "కడుపు నిండిన బేరంలేరా అది" అని కొట్టిపారేశాడు.

అలాగే అనుకుందాం. ఐతే చుండూరు ఎక్కడ మొదలైందో చెప్పండి. పొలంలోనా? కూలి దగ్గరా? 1991 జులైలో సినిమా హాల్లో మొదలైంది. చదువుకున్న దళిత కుర్రాడొకడి కాలు ముందు కుర్చీలో వాడికి తగిలింది. ఆ తగిలిన కాలికి బదులుగా ఆగస్టు 6న ఎనిమిది మందిని వెంటాడి నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పారేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ ఇంటికి పంపేసింది. కారంచేడు ఎక్కడ మొదలైంది? 1985 జులైలో మంచినీళ్ల చెరువు దగ్గర. తాగే నీళ్లు పాడుచేయొద్దన్నందుకు. మన జిల్లాకే వద్దాం. 2017లో భీమవరం పక్కన గరగపర్రులో మనవాళ్లని ఎందుకు వెలేశారు? నాయకుల విగ్రహాలున్న చోట అంబేద్కర్ విగ్రహం కూడా పెడతామన్నందుకు. పనికి పిలవడం మానేశారు, కౌళ్లు తీసేశారు.

చెరువు గట్టు, సినిమా హాలు, విగ్రహాల సెంటరు. వీటిలో ఒక్కటైనా ఎవడింటి పెరడా? అన్నీ నలుగురూ వచ్చిపోయే చోట్లే. దొర పొలంలో నడుం వంచి ఊడుపులు ఊడ్చినంతసేపూ మనకి ఏ భయమూ లేదు. వాడి దొడ్లో పేడ ఎత్తినంతసేపూ లేదు. ఊరి నడిబొడ్డున మురుగు తీసినంతసేపూ అసలే లేదు. అక్కడ మనం ఉండాల్సిందే, లేకపోతే ఊరు కంపు కొడుతుంది. కత్తి ఎప్పుడు బయటికొస్తుందంటే, అదే నడిబొడ్డున మనం ఏ పనీ లేకుండా, చేతిలో పారా తట్టా లేకుండా, నడుం నిటారుగా పెట్టి ఊరికే నిలబడ్డప్పుడు. పని చేస్తున్న దళితుణ్ణి కులం భరిస్తుంది. ఊరికే కూర్చున్న దళితుణ్ణి చూస్తే దాని కళ్లల్లో కారం పడుతుంది.

ఏ పనీ లేకుండా కూర్చునే హక్కు మనిషికి ఉందని ప్రభుత్వం సొమ్ము ఖర్చుపెట్టి ఒప్పుకున్న చోటు ఊరు మొత్తమ్మీద ఒకటే. దాని పేరు పార్కు. అందుకే రాస్తున్నాను.

రాజ్యాంగం 15వ అధికరణం, రెండో క్లాజు తీసి చదవండి. దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రభుత్వ సొమ్ముతో నడిచే ప్రజల విహార స్థలాలు — వీటిలోకి కులం పేరు చెప్పి ఎవర్నీ అడ్డగించకూడదని ఉంది. విహారం అనే మాట అందులో ఊరికే పడలేదు. చెరువు నీళ్ల కోసం దెబ్బలు తిన్నవాడు, క్లాసులో గోనెపట్టా మీద విడిగా కూర్చున్నవాడు ఆ రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడు. 1992లో చేసిన 74వ సవరణ పన్నెండో షెడ్యూల్లో మున్సిపాలిటీలకి 18 పనులు అప్పజెప్పింది. బలహీనవర్గాల ప్రయోజనాలు కాపాడటం అందులో ఉంది. మురికివాడలు బాగుచేయటం ఉంది. పార్కులు, తోటలు, ఆటస్థలాలు ఉన్నాయి. శ్మశానాలూ ఉన్నాయి. మా పేటలో ఆ చివరి రెండూ ఒకటే. దాని సంగతి తర్వాత చెబుతాను.

విద్యార్థి మిత్రులకి ముందు ఒక లెక్క చెప్పాలి. పరీక్షల్లో రాదు గానీ పనికొస్తుంది.

పట్టణంలో పార్కు ఆకాశం నుంచి ఊడిపడదు. రియల్ ఎస్టేటాయన నాలుగెకరాలో ఐదెకరాలో వరిచేను కొంటాడు. గట్లు కొట్టేస్తాడు, మట్టి తోలి మెరక చేస్తాడు, సరిహద్దు రాళ్లు పాతి రంగులేస్తాడు. ఆ లేఔట్‌కి అనుమతి రావాలంటే మొత్తం స్థలంలో నూటికి 10 వంతులు ఖాళీగా వదిలి మున్సిపాలిటీకి రాసివ్వాలి. 2017 నాటి లేఔట్ రూల్సులో కూడా అదే ఉంది. ఆ పదో వంతే రేపు పార్కవుతుంది. తర్వాత దానికి గోడ, గేటు, బోరు, నడకదారి, దీపాలు వస్తాయి. అవన్నీ మున్సిపాలిటీ సొమ్ము. అంటే నా ఇంటిపన్నూ, నా తమ్ముడి కూల్‌డ్రింకు కొట్టు లైసెన్సు ఫీజూ కూడా అందులో ఉంటాయి.

ఇప్పుడు పేట చూడండి. పేటకి లేఔట్ ఎవడేశాడు? ఎవడూ వేయలేదు. కాలవ పోరంబోకులో, చెరువు గట్టున, శ్మశానం వార, ఊరి మురుగు పారే దిక్కున పుట్టింది పేట. తణుకు తీసుకున్నా, అత్తిలి తీసుకున్నా, పెనుగొండ తీసుకున్నా డెల్టాలో ఇదే బొమ్మ. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట ముగించాక కాలవలు తవ్విందీ, గట్లు పోసిందీ మన తాతలే. ఆ గట్టు మీదే గుడిసె వేసుకుంటే ఆక్రమణదారులన్నారు. దయతలచి పట్టా ఇచ్చినప్పుడు రెండు సెంట్లు, మూడు సెంట్లు. 2020లో ఇచ్చిన ఇళ్ల పట్టాలు పట్టణాల్లో ఐతే ఒక్క సెంటు. సెంటంటే 48 గజాలు. అందులో ఇల్లు కట్టాలా, మరుగుదొడ్డి కట్టాలా, పిల్లాడు గోలీలాడటానికి ఖాళీ వదలాలా?

లేఔట్ లేదు కనక పదో వంతు లేదు. పదో వంతు లేదు కనక పార్కు లేదు. ఇందులో ఎవడూ మనల్ని కులం పేరుతో తిట్టలేదు. ఏ ఆఫీసరూ కుట్ర చేయలేదు. ఫైలు దానంతటదే నడిచింది, పార్కు దానంతటదే వెళ్లి అమ్ముడుపోయిన ప్లాట్ల మధ్య కూర్చుంది. ప్లాటు కొనగలిగినవాడికి పార్కు ఉచితం. కొనలేనివాడికి ఉచితమైన పార్కు కూడా లేదు.

ఇంకో సంగతి. అనుమతి లేకుండా వేసిన లేఔట్లని క్రమబద్ధం చేస్తామని మొదట 2007 చివర్లో, మళ్లీ 2020లో జీవోలిచ్చారు. ఖాళీ స్థలం వదలని తప్పుకి ప్లాటు విలువలో 14 శాతం చార్జీ పెట్టారు. ఖాళీ స్థలానికి బదులుగా వసూలు చేసిన డబ్బు అది. దాంతో ఖాళీ స్థలం కొనాలి గదా? ఎక్కడ కొన్నారు? ఏ పేటకి కొన్నారు? అడిగినవాడు లేడు. మనం అడగలేదు. మనకి అది కడుపు నిండిన బేరం మరి.

పార్కుల మీద సుప్రీంకోర్టు 1991లో మంచి తీర్పే ఇచ్చింది. బెంగళూరులో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకి కట్టబెడితే కాలనీవాళ్లు కోర్టుకెళ్లి గెలిచారు. పార్కు ప్రజలదీ, దాన్ని అమ్ముకునే హక్కు మీకు లేదని కోర్టు చెప్పింది. ఐతే ఆ తీర్పు ప్లానులో పచ్చరంగు పూసిన చోటుకే కాపలా కాస్తుంది. మన పేట ఉన్న చోట ప్లానులో పచ్చరంగే లేదు.

మా నాయన డెల్టాలో ఒక ఊళ్లో పార్కు పని చేశాడు. ఏ ఊరో చెప్పను. చెబితే ఆ ఊరొక్కటే పాపం చేసినట్టూ, మిగతా ఊళ్లు గంగలో మునిగొచ్చినట్టూ అవుతుంది. ఎన్నెమ్మార్ కూలి, అంటే ఏ రోజు కూలి ఆ రోజుదే. మొక్కలకి నీళ్లు పెట్టడం, కంచె మొక్కలు కత్తిరించడం, చెత్త ఊడ్చి తగలెయ్యడం. ఒక ఏడాది పార్కు మధ్యలో లాన్ వేయాలన్నారు. లారీలో గడ్డి తెప్పించారు. దాన్ని విడదీసి, జాన దూరానికో పిలక చొప్పున పాతాలి. మా నాయనా ఇంకో ఇద్దరూ మోకాళ్ల మీద పాక్కుంటూ వారం రోజులు పాతారు. ఊడుపులకెళ్లే మా అమ్మ ఒకరోజు క్యారేజీ తెచ్చి, చూసి నవ్వింది. "ఇదేం ఊడుపయ్యా, గింజ రాలదు గదా" అంది.

గడ్డి అంటుకుని పచ్చబడ్డాక తెల్ల బోర్డు తెచ్చి పాతారు. మా నాయనకి చదువు రాదు. "ఏం రాశార్రా పెద్దోడా?" అని అడిగాడు. నేనప్పుడు ఏడో తరగతి. గట్టిగా చదివాను. పచ్చికపై నడవరాదు. పూలు కోయరాదు. ఆటలు ఆడరాదు. "మంచిదేరా, లేతగా ఉంది గదా, తొక్కితే చచ్చిపోద్ది" అన్నాడు.

సెలవు రోజున ఆయనకి అన్నం తీసుకెళ్లాను. ఎండ మండిపోతోంది. గన్నేరు చెట్టు నీడ గడ్డి మీద పడుతోంది. వెళ్లి ఆ నీడలో కూర్చున్నాను. అంతే. అప్పటికి ఓ అరగంట నుంచీ షాపుకారు గారి మనవళ్లిద్దరు అదే గడ్డి మీద బంతి ఆడుతున్నారు, ఆయా బల్ల మీద కూర్చుని చూస్తోంది. సూపర్‌వైజరు వాళ్లని దాటుకుని నా దాకా వచ్చాడు. నన్నేమీ అనలేదు. మా నాయన్ని పిలిచాడు. "వీడు నీ కొడుకేనా? ఇది పార్కనుకున్నాడా, మీ గూడెం అనుకున్నాడా?" అన్నాడు. మా నాయన పరిగెత్తుకొచ్చి నా రెక్క పట్టుకుని లేపాడు. "తెలీదండి, కుర్రోడండి" అన్నాడు. ఆ తర్వాత భుజమ్మీది తువ్వాలు తీసి, నేను కూర్చున్న చోట గడ్డిని తుడిచాడు.

గడ్డికి ఏం అంటుకుందని తుడిచాడు? ఆయన్ని ఆ రోజూ అడగలేదు, చనిపోయేదాకా అడగలేదు. ఇద్దరం మోటారు షెడ్డు వెనక్కి వెళ్లాం. ఆయన రోజూ అక్కడే తింటాడట. ఆ పార్కులో సిమెంటు బల్లలు ఓ పది ఉండేవి. ఒక్కో బల్ల మీద ఫలానావారి జ్ఞాపకార్థం ఫలానావారు అని పేరూ, ఆ పేరు వెనక కులమూ నల్లరంగుతో రాసి ఉండేవి. చచ్చిపోయినవాళ్లకి కూడా ఆ పార్కులో బల్ల ఉంది. బతికున్న మా నాయనకి మోటారు షెడ్డు.

గేటు దగ్గర కర్ర పట్టుకున్న వాచ్‌మన్ కూడా మావాడేనని వేరే చెప్పాలా? మనల్ని మనచేతే తోలించడం వాళ్లకి కొత్త విద్య కాదు.

క్రికెట్ పిచ్చి ఉన్న తమ్ముళ్లు పాల్వంకర్ బాలూ పేరు విన్నారో లేదో. చమార్ కుటుంబం. పూనాలో తెల్లదొరల క్లబ్బులో పిచ్ ఊడ్చి, రోలర్ లాగి, నెట్లు కట్టే పనివాడిగా చేరాడు. దొరలకి నెట్స్‌లో బంతులు వేసీ వేసీ దేశంలోకెల్లా గొప్ప స్పిన్నరయ్యాడు. 1911లో ఇంగ్లండు పర్యటనలో వందకి పైగా వికెట్లు తీశాడు. ఐనా పూనాలో హిందువుల జట్టుకి ఆడినప్పుడు టీ విరామంలో ఆయనకి పెవిలియన్ బయట, విడిగా, మట్టి ముంతలో టీ ఇచ్చారు. కెప్టెన్సీ చివరిదాకా ఇవ్వలేదు. బంతి అందరికీ ఒకటే, కప్పు వేరు. మైదానం తయారుచేసినవాడు మైదానంలోకి దిగడానికే అంత గొడవైతే, దిగి గెలిచాక కూడా బయటే టీ తాగాల్సి వస్తే, మా నాయన గడ్డి తుడవడంలో వింతేముంది?

ఇంతకీ మేం ఎక్కడ ఆడుకున్నాం? శ్మశానంలో. ఇందాక చెప్పిన పన్నెండో షెడ్యూలు రెండు పనులు మాకు ఒకేచోట జరిగిపోయాయి. ఒక సమాధి వికెట్టు, ఇంకో సమాధి నాన్‌స్ట్రైకర్ ఎండు. శవం వస్తే బ్యాట్లు పక్కన పెట్టి గొయ్యి తవ్వేవాళ్లం. పూడ్చి, కాళ్లు కడుక్కుని, మళ్లీ ఆట. మిగతా చోట్లకి కాలెండరు ఉంది. దాళ్వా కోత అయ్యాక, కాలవలు కట్టేశాక, సార్వాకి నీళ్లు వదిలేలోపు పొలాలు ఖాళీ. ఆ కొద్ది వారాలే మా స్టేడియం. అదీ ఆసామి చూడనంత వరకే. తర్వాత గోస్తనీ కాలవ. ఈత నేర్పినవాడు లేడు, నీళ్లే నేర్పాయి. ఏటా ఎక్కడో ఒక పేట కుర్రాడికి నేర్పకుండానే తీసుకుపోతాయి. చర్చి ఆవరణ ఒకటుంది, క్రిస్మస్‌కి స్టారు కట్టి, కుర్చీలాట ఆడించేవారు. ఆ పాస్టరు గారికి దండం పెడతాను, ఆయనకి ఏ మున్సిపాలిటీ గ్రాంటూ లేదు.

ఇదంతా మగపిల్లల భోగం. ఆడపిల్లకి శ్మశానం కూడా లేదు. మా చెల్లెలు స్కూల్లో ఖోఖో ఆడేది. కూర్చున్న చోటునుంచి లేచిందంటే పట్టుకోవడం ఎవరివల్లా అయ్యేది కాదు. పెద్దమనిషయ్యాక గడపలోనే ఆగిపోయింది. మా అమ్మది పాతకాలపు బుర్ర కాదు. "ఎక్కడాడుద్దిరా? కాలవ గట్టు మీదా? సారా కొట్టు ముందా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తెల్లారి ఐదింటికి పార్కుల్లో చూడండి, బూట్లేసుకున్న అమ్మగార్లు గబగబా నడుస్తుంటారు. బీపీ తగ్గాలి, షుగరు తగ్గాలి. మంచిదే, వాళ్లూ ఆడవాళ్లే, ఆ గంట వాళ్లకి దొరికినందుకు నాకేం ఏడుపు లేదు. అదే ఐదింటికి మా ఆడవాళ్లు క్యారేజీలు పట్టుకుని ఆటోలో కుక్కుకుని ఊడుపులకి పోతుంటారు. షుగరు వాళ్లకి లేదా? బీపీ లేదా? నడిచే చోటు, నడిచే పూటా లేవు.

పేటలో పుట్టినవాడికి తీరిక అనేదే కొత్త. పాలేరుతనంలో బాల్యం ఎక్కడిది? బోయి భీమన్న గారు 'పాలేరు' నాటకం రాస్తే ఊరూరా ఆడారు. ఆ కాలంలో ఎనిమిదేళ్లకే గేదెల వెనక పంపేవాళ్లు. ఇప్పుడు పిల్లలు బడికి వెళ్తున్నారు. సాయంత్రం నాలుగున్నరకి బడి వదులుతారు. ఆ నాలుగున్నర నుంచి చీకటిపడేదాకా వాళ్లు ఎక్కడుండాలి అనేది మూడు తరాల్లో మొదటిసారి మనకి ఎదురైన ప్రశ్న. దానికి జవాబు మనం చెప్పకపోతే బెల్టుషాపువాడు చెబుతాడు. సంక్రాంతి బరివాడు చెబుతాడు.

సంక్రాంతి అన్నాను గనక ఒకమాట. కోడిపందాలు వద్దని హైకోర్టు చెప్పినా మన జిల్లాలో ఆ మూడ్రోజులకి ఎకరాలకెకరాలు రాత్రికి రాత్రే చదునైపోతాయి. షామియానాలు, ఫ్లడ్‌లైట్లు, గ్యాలరీలు, కార్లు పెట్టుకోవడానికి వేరే స్థలం. కోడికి ఇంత మైదానం దొరికే జిల్లాలో పిల్లాడికి దొరకదంటే భూమి లేకనా? మన కుర్రాళ్లు ఆ బరిలో కార్లు కాస్తారు, సీసాలు అందిస్తారు.

ఇక ప్రభుత్వం వారి యువజన కార్యక్రమాలు. 2023 డిసెంబరు 26న 'ఆడుదాం ఆంధ్రా' మొదలుపెట్టారు. వార్డు సచివాలయం నుంచి రాష్ట్రం దాకా పోటీలు; క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్. ఫిబ్రవరిలో విశాఖలో ముగింపు. కిట్లు ఇచ్చారు, టీషర్టులు ఇచ్చారు. ఎక్కడ ఆడాలో ఇవ్వలేదు. మైదానం ఉన్న స్కూళ్లూ కాలేజీలూ ఉన్నవాళ్లు సాధన చేశారు. మావాళ్లు శ్మశానంలో చేసి వెళ్లారు. ఆ డిసెంబరు చివర్లోనే మున్సిపల్ కార్మికులు జీతాల కోసం రాష్ట్రమంతా సమ్మెలో ఉన్నారు. తండ్రి టెంటు కింద నినాదాలిస్తుంటే కొడుకు సచివాలయం ముందు కబడ్డీకి పేరు రాయించుకున్నాడు. తర్వాత 2024లో ప్రభుత్వం మారింది, కొత్తవాళ్లు ఆ ఖర్చు మీద విచారణ వేశారు. వేయాల్సిందే, ఎవడు తిన్నాడో తేల్చాల్సిందే. కానీ విచారణలో తేలిన డబ్బుతో పేటకో మైదానం కొంటామని వాళ్లూ అనలేదు. రెండు పార్టీలకీ ఆట అంటే కిట్టు.

కేంద్రం 2015లో అమృత్ పథకం తెచ్చింది. అందులో పిల్లల పార్కులకి ఖర్చులో రెండున్నర శాతం దాకా పెట్టొచ్చన్నారు. లక్ష దాటిన ఊళ్లకే ఆ అమృతం. 2011 లెక్కల్లో తణుకు లక్షకి చేరలేదు. సరే, అది వదిలేద్దాం.

మున్సిపల్ ఆఫీసుల్లో నాకు దొరికిన జవాబులు రెండే. ఒకటి, నిధుల్లేవు. రెండోది గొంతు తగ్గించి చెబుతారు: "మీవాళ్లకి వదిలితే ఉంచుతారటండీ? తాగుతారు, పేకాడతారు, బల్లలు పీక్కుపోతారు." నిధుల సంగతి ముందు. ఎస్సీ ఉపప్రణాళిక చట్టం 2013లోనే వచ్చింది. మన జనాభా ఎంతో మన వాటా అంత. ఆ వాటాని అందరూ నడిచే రోడ్డుకి పెట్టి, ఆ రోడ్డు మీద దళితులు కూడా నడుస్తారని రాసుకుంటే నిధులు ఎలా ఉంటాయి? పేకాట సంగతికి వస్తే, మన డెల్టాలో ఊరుకో రిక్రియేషన్ క్లబ్బు ఉంది. రిక్రియేషన్ అంటే ఏంటో లోపలికెళ్లి చూసినవాళ్లకి తెలుసు. రమ్మీ నైపుణ్యమున్న ఆట అని మన రాష్ట్రం నుంచి వెళ్లిన క్లబ్బు కేసులోనే సుప్రీంకోర్టు 1960లలో తేల్చింది. ఏసీ గదిలో పెద్దమనుషులు ఆడితే నైపుణ్యం. చింతచెట్టు కింద మావాళ్లు ఆడితే కేసు, ఫొటో, పేపర్లో పేర్లు. బల్లలు పీకేదెవరో నాకు తెలియదు. బల్ల వేస్తే గదా పీకేది.

అర్జీ ఇద్దామంటే ఎవరికివ్వాలి? తణుకు పాలకవర్గం గడువు 2019లో తీరిపోయింది. 2021 మార్చిలో రాష్ట్రంలో మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు తణుకు, భీమవరం, తాడేపల్లిగూడెం, పాలకొల్లు ఆ జాబితాలో లేవు. పల్లెల్ని కలపడం మీద కోర్టు తగాదాలు. ఏళ్ల తరబడి స్పెషలాఫీసరే కౌన్సిలు. మన వార్డు రిజర్వయినా అడగటానికి మనిషి లేడు. నన్నయ పేరు చెప్పుకునే ఊరు, 1947లోనే చక్కెర కంపెనీ పెట్టిన ఊరు, మా పేట పిల్లల ఆట గురించి అడగాలంటే కౌన్సిలరు లేడు.

తీర్మానం ఉంటే సరిపోతుందా అంటే అదీ లేదు. మహద్ కథ అందరికీ తెలుసంటారు గానీ అందులో మున్సిపాలిటీ పాత్ర చాలామందికి తెలియదు. 1923లో బొంబాయి శాసనమండలి ప్రజల సొమ్ముతో నడిచే బావులూ చెరువులూ అంటరానివాళ్లకి తెరవాలని బోలే తీర్మానం చేసింది. 1924లో మహద్ మున్సిపాలిటీ తన చవ్‌దార్ చెరువు అందరిదీ అని తీర్మానించింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. మూడేళ్లు గడిచినా మనవాళ్లు దోసెడు నీళ్లు ముట్టలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి తాగాడు. తాగి వెనక్కి వస్తుంటే కర్రలతో పడ్డారు. ఆ ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. హైకోర్టులో గెలవడానికి 1937 పట్టింది. చెరువు తెరవడమంటే తీర్మానం కాదు, వెళ్లి తాగడమని ఆయనకి తెలుసు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్ అని ఊరుంది. పార్కుల్లోకి నల్లవాళ్లని రానివ్వమని కోర్టు చెబితే 1962 జనవరిలో ఊళ్లో పార్కులూ, ఆటస్థలాలూ, ఈతకొలనులూ అన్నిటికీ తాళాలేశారు. తమ పిల్లలు ఆడుకోకపోయినా పర్లేదు, నల్లపిల్లలు ఆడకూడదు. మనవాళ్లు అంతకంటే తెలివైనవాళ్లు. తాళం వేయరు. గేటు బార్లా తెరిచి, బోర్డు పెట్టి, టైము పెట్టి, టిక్కెట్టు పెట్టి, మనల్ని చూసే చూపు ఒకటి గేటు దగ్గర నిలబెడతారు.

ఇప్పుడు మనవాళ్లతో నాలుగు మాటలు. 2024 జనవరిలో విజయవాడ స్వరాజ్ మైదానంలో దిమ్మెతో కలిపి 206 అడుగుల అంబేద్కర్ నిలబడ్డాడు. చూసి నా కళ్లు తడిశాయి, దాచుకోను. కానీ 206 అడుగుల బాబాసాహెబ్‌ని ఇచ్చినవాళ్లని మన పేటలో 206 గజాల ఖాళీ చోటు అడగలేకపోయాం. పేటలో కమ్యూనిటీ హాలు ఉంది, అందులో సిమెంటు బస్తాలుంటాయి. అంబేద్కర్ యువజన సంఘం బోర్డు ఉంది, దాని కింద యువజనులు నిలబడటానికే చోటు లేదు. మన సభల్లో భూమి అంటే సాగుభూమి, లేదా ఇంటిస్థలం, లేదా శ్మశానం. పండించుకోవడానికి, పడుకోవడానికి, పూడ్చుకోవడానికి. ఈ మూడింటి మధ్య పిల్లాడు పరిగెత్తే భూమి మన డిమాండ్ల పత్రంలో ఎప్పుడూ లేదు. దొర మనల్ని పనిముట్టుగా చూశాడు సరే, మనం కూడా మన పిల్లల్ని చదివే పనిముట్లుగా, ఉద్యోగం తెచ్చే పనిముట్లుగా చూస్తే ఎలా?

తెల్లకాగితం మీద 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. మున్సిపాలిటీకి రాసిచ్చిన ఖాళీ స్థలాలు ఎన్ని, ఏ సర్వే నంబర్లలో? వాటిలో గుళ్లూ, వాటర్ ట్యాంకులూ, అపార్ట్‌మెంట్ల కారు షెడ్లూ లేచినవి ఎన్ని? 14 శాతం చార్జీల కింద వచ్చిందెంత, పోయిందెక్కడికి? పేట చుట్టూ అర కిలోమీటరులో పిల్లలు ఆడటానికి మున్సిపాలిటీ స్థలం ఒక్కటైనా ఉందా? లేకపోతే లేదని సంతకం పెట్టి రాసివ్వమనండి. ఆ కాగితం పట్టుకుని పేట పక్కన అమ్మకానికున్న చేను చూపించి, ఉపప్రణాళిక డబ్బుతో కొనమని అడుగుదాం. సర్కారు బడుల మైదానాలు బడి వదిలాక తెరిచి ఉంచాలి, చీకటిపడేదాకా ఒక పీఈటీ ఉండాలి, వారంలో సగం రోజులు ఆడపిల్లలకే ఉండాలి. పార్కు పనివాళ్లు నీడలో బల్ల మీద కూర్చుని అన్నం తినాలి. వాళ్లకి నెలజీతం నెలలోనే రావాలి.

వచ్చే ఏప్రిల్ 14కి ప్రతి పేటలోనూ వాలీబాల్ పోటీ ఉంటుంది. ఏటా రోడ్డుకి అడ్డంగా నెట్టు కట్టి, లారీ వచ్చినప్పుడల్లా ఎత్తి పట్టుకుంటాం. ఈసారి రోడ్డు మీద వద్దు. పదిహేను రోజుల ముందే కమిషనర్‌కి ఉత్తరం ఇచ్చి, రసీదు తీసుకుని, ఊళ్లో పెద్ద పార్కులో కడదాం. అన్నాలు కూడా అక్కడే, గడ్డి మీదే. ముసలాళ్లని ముందు కూర్చోబెట్టండి, తువ్వాళ్లు భుజాల మీదే ఉండనివ్వండి. ఆటలు ఆడరాదని బోర్డుంటే పీకొద్దు, ఫొటో తీసి ఉత్తరానికి జతచేయండి.